చైర్మన్‌గారి నవలా విప్లవం

“వచ్చే ఏడాదికల్లా రాయలసీమను నవలలతో సస్యశ్యామలం చేస్తాం” అని సీమ యువరచయితల ప్రోత్సాహక మండలి చైర్మన్ శ్రీ దండు సుంకన్న గారు కర్నూలులో విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించారు. నీళ్ళ సంగతేమిటని ఒక విలేకరి అడిగాడు. ఆ శాఖ తనది కాదని చైర్మన్‌గారు వినయంగా మనవి చేసుకున్నారు.

వెనక వరసలో, బిస్కెట్ ప్లేట్ల పక్కన కూర్చున్న శివాని నవ్వు ఆపుకుంది. ఆమె చైర్మన్‌గారి ఒక్కగానొక్క కూతురు, కడపలో బి.ఇడి. చదువుతోంది. నాయనతో ఒక మాట చెప్పాలని బస్సెక్కి వచ్చింది. ఇంట్లో అయితే ఆయన దొరకరు. కారులో దొరుకుతారు గానీ అక్కడ ఫోన్ ఉంటుంది. ప్రెస్ మీట్ ముగిశాక, భోజనాలు వడ్డించే లోపల, ఆయన ఎవరికీ అక్కర్లేకుండా ఉండే వ్యవధి కాస్త దొరుకుతుందని ఆమె ఆశ.

సుంకన్న గారిది బేతంచెర్ల. బండలకు పాలిష్ పెట్టే ఫ్యాక్టరీ ఉంది. పార్టీ పుట్టిన రోజు నుంచీ జెండా మోశారు, జెండా దిమ్మెలకు ఉచితంగా బండలు వేయించారు, ఎన్నికలు వచ్చినప్పుడల్లా టికెట్ అడిగారు. టికెట్ ప్రతిసారీ ఇంకొకరికి వెళ్ళింది. ఈసారీ వెళ్ళాక, ఇలాంటి మనిషిని ఊరికే ఉంచడం క్షేమం కాదని గ్రహించిన అధిష్ఠానం ఈ మండలిని పుట్టించింది. మండలికి ఒక గది, ఒక కారు, ఒక బోర్డు ఇచ్చారు. రచయితలను తర్వాత పంపిస్తామన్నారు. చైర్మన్‌గారు ఆ బోర్డు తీసేయించి, నల్లటి బండ మీద తన పేరు చెక్కించి, అద్దంలా పాలిష్ పెట్టించారు. సాహిత్యానికి ఆయన చేసిన మొదటి సేవ అదే. పని నాణ్యంగా ఉందని చూసినవాళ్ళందరూ ఒప్పుకున్నారు.

శివాని అనుకున్న వ్యవధి దొరికింది. నాయన చెయ్యి కడుక్కుంటున్నారు.

“నాయనా, నీతో ఒక మాట చెప్పల్ల.”

“చెప్పు పాపా.”

“నాకు పెండ్లి సంబంధాలు చూడొద్దు. నేను మహిమను ప్రేమిస్తాండా.”

చైర్మన్‌గారు టవల్ కోసం చుట్టూ చూశారు. “మహిమా? మన ప్రేమయ్య బిడ్డ? కడపలో నర్సుగా చేస్తాండాదే, ఆ పిల్లనా? మంచి పిల్ల. అట్లే ప్రేమగా ఉండాల పాపా. ఇప్పటి మనుషుల్లో అదే కరువైపాయ.” ఆ మాటలు ఆయనకే నచ్చినట్టున్నాయి. పక్కనున్న పి.ఏ.ను పిలిచి, “ఏమప్పా, ఇది రాసుకో, మధ్యాన్నం మీటింగులో పనికొస్తాది” అన్నారు. పి.ఏ. రాసుకున్నాడు. మధ్యాహ్నం ఆ మాటకు చప్పట్లు బాగా పడ్డాయి.

తిరుగు బస్సులో శివానికి కోపం రాలేదు. నాయన మీద ఆమెకు కోపం నిలవదు. ఆమె, మహిమ ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఒకే బాలికల గురుకులంలో చదివారు. తల్లిదండ్రులు చూడవచ్చే ఆదివారం ఆయన బండల లారీలో కూర్చుని వచ్చేవారు. పూతరేకులో, బొరుగుల ఉండలో తెచ్చేవారు. ప్రేమయ్యకు క్వారీలో సెలవు దొరకదని తెలుసు కాబట్టి రెండు పొట్లాలు తెచ్చేవారు. అటువంటి మనిషి వింటే అర్థం చేసుకుంటాడని శివాని నమ్మకం. వినిపించడమే కష్టంగా ఉంది. నాయన చెవులు ప్రజల సొత్తు అయిపోయాయి. కళ్ళన్నా ఖాళీగా ఉన్నాయేమో చూడాలనుకుంది.

అదే నెలలో మండలి నవలల పోటీ పెట్టింది. గురుకులాల మంత్రిగారిని ముఖ్య అతిథిగా పిలవాలని నిర్ణయం ముందే జరిగింది కాబట్టి ఇతివృత్తం ‘గురుకుల జీవితం’ అని ఖరారు చేశారు. శివాని నవల రాసింది. పేరు ‘స్టడీ అవర్’. ఇంటర్ రెండో ఏడు చదివే గౌరి, సారా అనే ఇద్దరు అమ్మాయిలు ఒకరినొకరు ప్రేమించుకుంటారు. భయపడతారు, పోట్లాడుకుంటారు, ఊరగాయ పంచుకుంటారు, పరీక్షలు పాసవుతారు. చివరికి ఒకే ఊళ్ళో ఉద్యోగాలు చూసుకుని కలిసి ఉంటారు. పోటీకి వచ్చినది కాబట్టి చైర్మన్ అన్నవాడు చదవక తప్పదని ఆమె లెక్క వేసుకుంది. మండలి పనితీరు ఆమెకు అప్పటికింకా పూర్తిగా తెలియదు.

కూతురు నవల పంపిందని తెలియగానే చైర్మన్‌గారు ఫలితం నిర్ణయించేశారు. ఆ తర్వాతే న్యాయనిర్ణేతలను నియమించారు. మొదటాయన చైర్మన్‌గారి ప్రతి పుట్టినరోజుకూ పద్యాలు అల్లే నంద్యాల కవి. ఆయన నవలను కళ్ళకద్దుకుని సంతకం పెట్టాడు. రెండోవాడు పార్టీ విద్యార్థి విభాగం నాయకుడు. కవిగారు సంతకం పెట్టారు కాబట్టి తనూ పెట్టాడు. మూడో ఆయన రిటైర్డ్ హెడ్మాస్టర్ దావీదురాజు. ఆయనకు ఒక బలహీనత ఉంది. కాగితం చేతికిస్తే చదువుతాడు.

దావీదురాజు మాస్టారు వెతుక్కుంటూ బేతంచెర్ల ఇంటికే వచ్చారు. సెలవులకు వచ్చిన శివాని ఆయనకు కాఫీ తెచ్చి, తలుపు పక్కనే నిలబడిపోయింది.

“చైర్మన్‌గారూ, పాప నవల మీరు ఒకసారి చదివితే బాగుంటాది.”

“బాగుండాదా లేదా, అది చెప్పప్పా.”

“శానా బాగుండాది. నాకు కండ్లనీళ్ళు వచ్చినాయి.”

“అయితే ఫస్ట్ ప్రైజు.”

“ప్రైజు సంగతి కాదు సార్. అందులో ఇద్దరు ఆడపిల్లలు…”

“ఆడపిల్లల హాస్టల్లో ఆడపిల్లలు కాకుండా ఎనుములుంటాయా మాస్టరూ!” అని చైర్మన్‌గారు ఇల్లదిరేలా నవ్వారు.

మాస్టారు శివాని వైపు చూశారు. శివాని, చెప్పండి సార్ అన్నట్టు తల ఊపింది. ఆయన నోరు తెరిచే లోపల చైర్మన్‌గారి ఫోన్ మోగింది. మంత్రిగారు తేదీ ఇచ్చారు.

ప్రైజు వచ్చిన నవలను మండలే అచ్చు వేయించింది. ఆవిష్కరణ సభ కర్నూలులో జరిగింది. పుస్తకావిష్కరణ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పుస్తకాన్ని రంగు కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, అందరూ మాట్లాడటం అయిపోయాక విప్పుతారు. విప్పకముందే మాట్లాడటం ఈ కార్యక్రమంలోని గొప్పతనం. మంత్రిగారికి మాత్రం ఆయన ఓ.ఎస్.డి. ఏసుకుమార్ అట్ట ఫొటో ముందుగానే చూపించాడు. అట్ట మీద ఇద్దరమ్మాయిలు ఒకే మంచం మీద కూర్చుని ఒకే పుస్తకం చదువుతుంటారు.

“మిత్రులారా, మన ప్రభుత్వంలో పాఠ్యపుస్తకాల కొరత లేదు” అని మంత్రిగారు మొదలుపెట్టారు. “లేకపోయినా ఈ ఇద్దరు ఆడబిడ్డలు ఒకే పుస్తకం పంచుకుని చదువుతున్నారు. ఇదీ సంస్కారం! ఈ బంధం రాష్ట్రంలోని ప్రతి ఆడబిడ్డకూ ఆదర్శం కావాలి. ప్రతి బాలికల గురుకులానికీ ఈ నవలను పంపమని ఈ వేదిక మీద నుంచే ఆదేశిస్తున్నాను.”

చప్పట్లు. చైర్మన్‌గారి కళ్ళు తడిశాయి. ఆ తడి నటన కాదు, శివానికి తెలుసు. అందుకే మైకు ముందుకు వచ్చినప్పుడు ఆమె ఆగలేదు.

“ఇది ఇద్దరు ఆడపిల్లల ప్రేమకథ. స్నేహం కాదు, ప్రేమే. నేను…”

“మంత్రివర్యులకు రైలు టైమైనందున” అని వ్యాఖ్యాత ఇంకో మైకులో అందుకున్నాడు, “రచయిత్రి స్పందనను ఇంతటితో ముగిస్తూ, జాతీయ గీతం!” అందరూ లేచి నిలబడ్డారు. శివాని కూడా నిలబడింది. చేసేదేముంది?

వారం తిరక్కముందే నవలకు ఒక పాఠకుడు దొరికాడు. పేరు పరమేష్. సుంకన్న గారి పార్టీయే. సుంకన్న గారు అడిగే టికెట్టునే ఆయనా అడుగుతుంటాడు. ప్రత్యర్థి మీద అధ్యయనం చేయాలన్న పట్టుదలతో ఆయన నలభై ఏడో పేజీ దాకా చదివాడు. పాఠకులు ఈ కృషిని తక్కువగా అంచనా వేయరాదు. మన జిల్లాల్లో ఒక రాజకీయ నాయకుడు ఒక నవలను నలభై ఏడు పేజీలు చదవడం ఆషామాషీ విషయం కాదు.

నలభై ఏడో పేజీలో గౌరి, సారా ఉతికిన బట్టలు తీసుకురావడానికి మిద్దె మీదికి వెళతారు. ‘స్టడీ అవర్ బెల్లు కొట్టినారు. సారా చెయ్యి విడిపించుకోలేదు. నేనూ విడిపించుకోలేదు. నాకు నువ్వంటే ప్రేమ అని చెప్పినా. నాకు తెలుసులే, బట్టలు పట్టుకో అన్నది. ఇద్దరమూ మెట్లు దిగి స్టడీ అవరుకు పోయినాము.’ అంతే ఉంది. పరమేష్ ఆ పేజీని విలేకరులకు ఎత్తి చూపించి, సీమ పౌరుషం ఏమైపోయిందని గద్గదంగా ప్రశ్నించాడు.

మర్నాడు మండలి ముందు ధర్నా జరిగింది. పుస్తకాన్ని తగలబెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఒక్కటే ఇబ్బంది వచ్చింది. పుస్తకాలన్నీ గురుకులాల బీరువాల్లో భద్రంగా తాళం వేసి ఉన్నాయి. అందుకని పరమేష్ దగ్గరున్న ఒక్క ప్రతిని సాక్ష్యానికి ఉంచుకుని, ఆ పేజీనే జిరాక్స్ తీయించి తగలబెట్టారు. జిరాక్స్ షాపు కాలేజీ పక్కన ఉండటం వల్ల, తగలబడినవి పోగా మిగిలిన పేజీలు ఊరంతా తిరిగాయి. సాయంత్రానికి పిల్లలు వచ్చి నలభై ఎనిమిదో పేజీ ఉందా అని అడగడం మొదలుపెట్టారు. కర్నూలు చరిత్రలో ఏ నవలకూ ఇంత ఆదరణ దొరకలేదు. చైర్మన్‌గారి విప్లవం అక్షరాలా నిజమైంది.

ఆ రాత్రి చైర్మన్‌గారు జిరాక్స్ పేజీ జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చారు. శివాని వసారాలో కూర్చుని ఉంది. ఆయన ఎదురుగా కూర్చున్నారు. ఇన్నాళ్ళకు నాయన ఒక పేజీ చదివాడని ఆమెకు అర్థమైంది.

“పాపా, ఈ పేజీ…”

ఫోన్ మోగింది. అవతల మంత్రిగారు. ఆయన వేదిక మీద ఆదర్శమని ప్రకటించి, రాష్ట్రమంతా పంపించిన నవల అది. వెనక్కి తీసుకుంటే చదవకుండా పొగిడారని తేలుతుంది. తీసుకోకపోతే చదివి పొగిడారని తేలుతుంది. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో తేల్చడానికి, అవసరమైతే నవలను సవరించడానికి, ఒక కమిటీ వేశారు.

కమిటీ ప్రభుత్వ గెస్ట్ హౌస్‌లో కూర్చుంది. చైర్మన్‌గారు అధ్యక్షులు. ఓ.ఎస్.డి. ఏసుకుమార్, గురుకులం వార్డెన్ స్వర్ణలత మేడం, దావీదురాజు మాస్టారు సభ్యులు. రచయిత్రిని హాజరు కమ్మన్నారు.

“సింపుల్ కరెక్షన్ సార్” అన్నాడు ఏసుకుమార్. “సారాను అబ్బాయిని చేద్దాం. శరత్ అని పెడదాం. వినడానికి పేరు కూడా దగ్గరగానే ఉంటుంది.”

స్వర్ణలత మేడం కుర్చీలోంచి లేచారు. “మా హాస్టల్లోకి మగపిల్లోడా? గేటు దాటి, వాచ్‌మన్ని దాటి, నన్ను దాటి, మిద్దె మీదికి ఎక్కినాడా? సార్, ఇది సెక్యూరిటీ లోపం. నా ఉద్యోగం పోతాది. నా పైన ఉండే వాళ్ళందరిదీ పోతాది.”

ఏసుకుమార్ వెంటనే శరత్‌ను కొట్టేశాడు. ఆ పైన ఉండేవాళ్ళలో చివరివారు మంత్రిగారు.

“పోనీ, ఇద్దరికీ పెండ్లిండ్లు చేసేద్దాం. వేరు వేరుగా” అన్నారు చైర్మన్‌గారు, కూతురి వైపు చూడకుండా.

“ఇంటర్ చదివే పిల్లలు సార్. బాల్యవివాహం అవుతాది” అన్నారు మేడం. “వద్దని పోస్టర్లు మనమే వేయించినాము.”

“అయితే ఒకమ్మాయి చదువు మానేసి ఊరికి పోతుంది” అన్నాడు ఏసుకుమార్.

“డ్రాపౌట్” అని వెంటనే తనే తల పట్టుకున్నాడు. “మొన్ననే జీరో డ్రాపౌట్ అని కేంద్రానికి రాసి పంపాం.”

“జబ్బు చేసి చనిపోతే?” అని చైర్మన్‌గారు ఆఖరి అస్త్రం తీశారు.

హాస్టల్లో పిల్ల చనిపోతే ప్రతిపక్షం ఏం అడుగుతుందో, ఏ వంటగది ఫొటోలు టీవీలో వస్తాయో అందరికీ కళ్ళకు కట్టింది. చైర్మన్‌గారు గబగబా చేతులు ఊపి ఆ చావును రద్దు చేశారు.

అప్పుడు దావీదురాజు మాస్టారు గొంతు సవరించుకున్నారు. “రాసింది రాసినట్టు ఉంచితే ఏమైతాది? ఇద్దరూ చదువుకున్నారు. పాసైనారు. ఉద్యోగాలు చేసుకుంటాండారు. ఎవరికి కష్టం?”

ఏసుకుమార్ నవలను మొదటిసారి చేతిలోకి తీసుకుని గబగబా తిప్పాడు. అతని ముఖం మెల్లగా వెలిగింది. “సార్! డ్రాపౌట్ లేదు. బాల్యవివాహం లేదు. చావు లేదు. బయటివాడు ఎవడూ లోపలికి రాలేదు. అటెండెన్స్ ఫుల్. ఇద్దరికీ ఫస్ట్ క్లాస్. ఆఖరికి ప్రేమ చెప్పుకున్నాక కూడా స్టడీ అవర్‌కు టైముకు పోయినారు! ఇంత మంచి పర్‌ఫార్మెన్స్ మా శాఖ వార్షిక నివేదికలో కూడా లేదు సార్.”

శివానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన పుస్తకం ఒక్క అక్షరం పోకుండా బయటపడింది. బయటపడిన కారణం ఎవరికైనా చెప్పుకుంటే నమ్మరు. ఆమె నాయన ముఖం చూసింది. ఆయన ఊపిరి పీల్చుకుని, “అదే నేనూ అనుకుంటాండా మొదటి నుంచీ” అన్నారు.

మంత్రిగారు వెంటనే రంగంలోకి దిగారు. నలభై ఏడో పేజీలో తనకు తప్పు కనపడలేదని, క్రమశిక్షణ కనపడిందని ప్రకటించారు. పరమేష్‌ను మండలికి వైస్ చైర్మన్‌గా నియమించారు. తాను వ్యతిరేకించింది జిరాక్స్ నాణ్యతనే తప్ప నవలను కాదని ఆయన వివరణ ఇచ్చాడు. సుంకన్న గారిని టీవీ చర్చలకు పంపించారు. వచ్చేసారి టికెట్ ఆయనదేనని పార్టీ ఆఫీసులో చెప్పుకోవడం మొదలైంది.

టీవీలో చైర్మన్‌గారు విజృంభించారు. కడపలో మహిమ పని చేసే ఆసుపత్రి క్యాంటీన్‌లో కూర్చుని శివాని, మహిమ ఆ చర్చ చూశారు.

“ప్రేమకు ఆడ, మగ అనే తేడా యాడుండాదప్పా?” అని చైర్మన్‌గారు ఎదుటివాణ్ణి గద్దించారు. “సీమ మనుషులం మేము. మాకు మనిషి ముఖ్యం. నా బిడ్డ ఈ నవల రాసినందుకు నేను ఛాతీ ఇరుసుకోని తిరుగుతాండా!”

శివాని ఏడ్చేసింది. సంతోషంతో వచ్చిన ఏడుపు. మహిమ ఆమెకు నీళ్ళ గ్లాసు ఇచ్చి, “మీ నాయన మా అమ్మ కన్నా నయం” అంది. మహిమ వాళ్ళమ్మ ప్రేమమ్మకు ఈ సంగతి నిరుడే తెలుసు. ఆమె కొన్నాళ్ళు ఉపవాస ప్రార్థన చేసి, ఎవరితోనూ మాట్లాడక, ఆఖరికి ఆ పిల్ల వేటమాంసం తింటుందా తినదా అని మాత్రం అడిగింది.

ఆదివారం ఇద్దరూ కలిసి బేతంచెర్ల వెళ్ళారు. చైర్మన్‌గారు హుషారుగా ఎదురొచ్చారు. కడప సభ ఏర్పాట్లు జరుగుతున్నాయి. మంత్రిగారి సమక్షంలో శివానికి ‘నవలా రత్న’ బిరుదు ఇవ్వబోతున్నారు. ఆ సభలోనే టికెట్ సంగతి సూచనగా చెబుతారట.

“నాయనా, కూచో. సారా అంటే మహిమ. గౌరి అంటే నేను. ఆ కథ మాదే. మేము కడపలో ఇల్లు బాడుగకు తీసుకుంటాండాము. నీకు చెప్పి తీసుకుందామని వచ్చినాము.”

చైర్మన్‌గారు ఆమెను చూశారు, మహిమను చూశారు. ఫోన్ మోగింది. ఆయన దాన్ని తీసి స్విచ్ ఆఫ్ చేశారు. ఆయన ఫోన్ ఆపడం శివాని అంతవరకూ చూడలేదు. తన కోసం నాయన చేసిన ఆ పని చూసి ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది.

దాన్ని పక్కన పెట్టి ఆయన అన్నారు. “పుస్తకంలో ఉండాది. సరే. మనింట్లో ఎందుకు పాపా?”

“టీవీలో అన్నావు కదా నాయనా?”

“టీవీలో అన్నది టీవీకే పాపా. పుస్తకాల్లో ఏమన్నా రాసుకోవచ్చు. ఎవరు చదువుతారు? మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే ఎట్లా?” ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “నేను నిన్ను తిట్టను. కొట్టను. ఒక్కటే అడుగుతాండా. కడప సభలో మైకు ముందర, ఇదంతా కల్పన, ఇట్లాంటి పిల్లలు యాడా లేరు అని ఒక్క మాట చెప్పు. ఆ విలేకరులు రోజూ అడుగుతాండారు, నీ బిడ్డ సొంత కథనా అని. ఒక్క మాట. నీకేం పోతాది?”

“మహిమ పోతాది నాయనా.”

మహిమ తల వంచుకుని కూర్చుంది. చిన్నప్పుడు ఆయన తెచ్చిన పొట్లం చేతులు చాచి అందుకున్న పిల్ల ఆయన ముఖం చూడలేకపోయింది.

“అయితే సభకు రావద్దు” అని చైర్మన్‌గారు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

వంటింటి గడపలో నిలబడి అంతా విన్న శివాని తల్లి రామేశ్వరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “సంగటి చల్లారిపోతాండాది. ఇద్దరూ తిని పోండి” అంది. ఇద్దరూ తిన్నారు.

కడప సభకు జనం బాగా వచ్చారు. శివాని వెళ్ళకూడదనుకుంది, వెళ్ళింది. ఆఖరి నిమిషంలో నాయన మనసు మారుతుందేమోనన్న ఆశ చావలేదు. డ్యూటీ దిగిన మహిమ యూనిఫాం మార్చుకోకుండానే వచ్చింది. ఇద్దరూ వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. వేదిక మీద మంత్రిగారి పక్కన రచయిత్రికి ఒక కుర్చీ వేసి పెట్టారు.

“అనివార్య కారణాల వల్ల రచయిత్రి రాలేకపోయారు” అని వ్యాఖ్యాత ప్రకటించాడు. “రెండో నవల రాయడంలో తలమునకలుగా ఉన్నారు.”

వేదిక చివర కూర్చున్న దావీదురాజు మాస్టారు లేచారు. “రచయిత్రి వచ్చింది కదప్పా. అదో, ఆడ తలుపు దగ్గర నిలబడుకోని ఉండాది. పిలవండి.”

హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. చైర్మన్‌గారూ చూశారు. తండ్రీ కూతుళ్ళు అంత దూరం నుంచి ఒకరినొకరు చూసుకున్నారు. శివాని ఒక అడుగు ముందుకు వేసింది. నాయన పిలిస్తే చాలు, కల్పన అన్నా, కాదన్నా, ఏదీ అనకపోయినా సరే, వెళ్ళి ఆయన పక్కన నిలబడాలని ఆ క్షణంలో ఆమెకు అనిపించింది.

చైర్మన్‌గారు మైకు అందుకున్నారు.

“మాస్టారుకు చూపు తగ్గింది” అన్నారు. “ఆడ ఎవరూ లేరు.”

జనం నవ్వారు. తలలన్నీ మళ్ళీ ముందుకు తిరిగాయి. మహిమ శివాని భుజం మీద చెయ్యి వేసింది. తలుపు దగ్గరున్నవాళ్ళు ఇద్దరికీ కాస్త దూరంగా జరిగి నిలబడ్డారు.

సన్మానం ఆపడానికి వీల్లేదు. ఫొటోగ్రాఫర్లు వచ్చేశారు, మంత్రిగారు లేచి నిలబడ్డారు. శాలువా తెచ్చి చైర్మన్‌గారి చేతికిచ్చారు. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, ఆ శాలువాను ఖాళీ కుర్చీకి కప్పారు. చప్పట్లు మోగాయి. స్టాండు ఫ్యాను గాలికి శాలువా జారి కింద పడింది. చైర్మన్‌గారు వంగి తీసి, దులిపి, మళ్ళీ కప్పారు. ఈసారి రెండు అంచులూ కుర్చీ వెనక్కి జాగ్రత్తగా దోపారు. పడకుండా కాసేపు అరచేత్తో అదిమి పట్టుకున్నారు.

“సార్, భుజం దగ్గర ఇంకొంచెం సర్దండి” అన్నాడు ఫొటోగ్రాఫరు. చైర్మన్‌గారు సర్దారు.

మరునాడు పొద్దున బస్టాండులో మహిమ పేపరు కొంది. జిల్లా పేజీలో ఫొటో పెద్దదిగా వేశారు. ఖాళీ కుర్చీ, దాని మీద శాలువా, పక్కన చేతులు కట్టుకున్న చైర్మన్‌గారు స్పష్టంగా పడ్డారు. కింద ఇలా ఉంది: ‘కడప సభలో తండ్రి చేతుల మీదుగా సన్మానం అందుకుంటున్న యువ రచయిత్రి శివాని.’